ఒక్క ఇంజెక్షనుతో సంతాన నియంత్రణ సాధ్యమేనా? – యాంటీబాడీ టీకాలు, జంతువుల అండాశయ ఆరోగ్యం

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నం : నగరం నడిబొడ్డున ఉన్న ద్వారకా నగర్ వేకువజామునే మేల్కొంటుంది. ఆర్టీసీ కాంప్లెక్సుగా అందరికీ తెలిసిన ద్వారకా బస్ స్టేషన్‌కు శ్రీకాకుళం, విజయనగరం మొదలుకొని దూర ప్రాంతాల బస్సుల వరకు వచ్చి చేరుతుంటాయి. పౌర గ్రంథాలయం, శిక్షణ సంస్థలు, హోటళ్లు, ఆసుపత్రులు, వ్యాపార సముదాయాలు ఉన్నందున ఈ ప్రాంతంలో రోజంతా జనసంచారం ఉంటుంది. జనం ఉన్నచోట ఆహార వ్యర్థాలు, ఆహార వ్యర్థాలు ఉన్నచోట వీధికుక్కలు ఉండటం మన నగరాలన్నింటా కనిపించేదే. కుక్కల బెడదపై ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వినవస్తోంది. పట్టుకొని, ఆపరేషను చేసి, కొన్ని రోజులు ఉంచి, తిరిగి వదిలే శ్రమ ఎందుకు, ఒక్క ఇంజెక్షనుతో సంతానం కలగకుండా చేయలేమా అన్నదే ఆ ప్రశ్న.

ఇది సహేతుకమైన ప్రశ్నే. యాంటీబాడీల ద్వారా జంతువులలో గర్భధారణను నిరోధించే టీకాలపై నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధన సాగుతోంది. కొన్ని దేశాలలో కొన్ని జంతువులకు వాటిని వినియోగిస్తున్నారు కూడా. అయితే గర్భం ఆగిందా లేదా అన్నది మాత్రమే చూస్తే విషయం సగమే తెలుస్తుంది. ఆ జంతువు అండాశయం ఆరోగ్యంగా ఉన్నదా, దెబ్బతిన్నదా, మళ్లీ పనిచేయగలదా అన్నది మిగిలిన సగం. పత్రికల వారు, అమలు బాధ్యత గల అధికారులు ఈ రెండు అంశాలను విడివిడిగా తెలుసుకోవడం అవసరం.

శస్త్రచికిత్సే నేటి పద్ధతి

జంతు హింస నివారణ చట్టం, 1960 కింద కేంద్ర ప్రభుత్వం 2001లో కుక్కల జనన నియంత్రణ నిబంధనలను ప్రకటించింది. వాటి స్థానంలో 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 అమలులోకి వచ్చాయి. వీధికుక్కలను మానవీయంగా పట్టుకోవడం, కు.ని. శస్త్రచికిత్స చేయడం, రేబిస్ టీకా వేయడం, గుర్తుగా చెవి కొసను కత్తిరించడం, కోలుకున్న తరువాత పట్టుకున్న చోటనే వదలడం ఈ నిబంధనల సారాంశం. అమలు బాధ్యత స్థానిక సంస్థలది. విశాఖలో 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం వంటి స్వచ్ఛంద సంస్థలు ఈ కార్యక్రమంలో పాలుపంచుకున్నాయి.

2025లో ఈ అంశం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. కు.ని. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టుకున్న ప్రాంతంలోనే వదలాలని, రేబిస్ సోకిన లేదా సోకినట్లు అనుమానం ఉన్న వాటిని, దూకుడుగా ప్రవర్తించే వాటిని మాత్రం వదలరాదని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టు 22న ఆదేశించింది. తిరిగి నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకా అనంతరం ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని, అదే చోట మళ్లీ వదలరాదని ఆదేశించింది. బస్ స్టేషన్, ఆసుపత్రులు, విద్యాసంస్థలు ఒకేచోట ఉన్న ద్వారకా నగర్ వంటి ప్రాంతానికి ఈ ఆదేశం ప్రాధాన్యం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. వీధిలో వదిలినా, ఆశ్రయంలో ఉంచినా శస్త్రచికిత్స మాత్రం తప్పనిసరి.

ఆడకుక్కకు చేసే శస్త్రచికిత్సలో అండాశయాలను, గర్భసంచిని తొలగిస్తారు. దీనితో సంతానం శాశ్వతంగా ఆగిపోతుంది. కుక్క ఎదకు రాదు. గర్భసంచిలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధికి ఆస్కారం ఉండదు. చిన్న వయసులోనే చేస్తే రొమ్ము కణుతుల ముప్పు కూడా తగ్గుతుంది. ఇందుకు శిక్షణ పొందిన పశువైద్యుడు, మత్తుమందు, పరిశుభ్రమైన శస్త్రచికిత్స గది, తదుపరి సంరక్షణకు బోనులు కావాలి. రోజుకు ఎన్ని శస్త్రచికిత్సలు చేయగలరన్నది వీటిపైనే ఆధారపడి ఉంటుంది. ఇంజెక్షను ఆలోచన ఆకర్షణీయంగా కనిపించడానికి ఈ పరిమితే కారణం.

యాంటీబాడీ గర్భాన్ని ఎలా ఆపుతుంది

వ్యాధి నిరోధక టీకా శరీరంలోకి ప్రవేశించిన క్రిమిని గుర్తించి ఎదుర్కొనే యాంటీబాడీలను తయారు చేయిస్తుంది. గర్భనిరోధక టీకా కూడా అదే సూత్రంపై పనిచేస్తుంది. ఇక్కడ గురి పెట్టేది క్రిమిని కాదు, సంతానోత్పత్తికి అవసరమైన సొంత శరీరంలోని ఒక పదార్థాన్ని. సాధారణంగా సొంత పదార్థాలపై శరీరం యాంటీబాడీలను తయారు చేయదు. అందువలన ఆ పదార్థాన్ని వేరొక జంతువు నుంచి సేకరించి గాని, ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాలలో వాడే ప్రోటీను వంటి పరాయి పదార్థానికి జతచేసి గాని, స్పందనను పెంచే యాడ్జువెంట్ అనే సహాయక ద్రవ్యంతో కలిపి ఇస్తారు.

ఈ టీకాలలో ప్రధానమైనవి రెండు రకాలు.

మొదటిది జోనా పెల్లూసిడా టీకా. అండం చుట్టూ ఉండే పారదర్శకమైన పొరను జోనా పెల్లూసిడా అంటారు. శుక్రకణం అండాన్ని చేరాలంటే ముందు ఈ పొరకు అతుక్కోవాలి. యాంటీబాడీలు ఆ పొరను కప్పివేస్తే శుక్రకణానికి దారి ఉండదు. ఈ టీకాకు అవసరమైన పదార్థాన్ని కబేళాలలో లభించే పందుల అండాశయాల నుంచి తీస్తారు.

రెండవది జి.ఎన్.ఆర్.హెచ్. టీకా. మెదడులోని హైపోథాలమస్ నుంచి వెలువడే ఈ హార్మోను కేవలం 10 అమైనో ఆమ్లాలతో కూడిన చిన్న అణువు. దీని నిర్మాణాన్ని వెలుగులోకి తెచ్చిన షాలీ, గియ్‌మాఁ 1977లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ హార్మోను పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి హార్మోనులు అండాశయాన్ని పని చేయిస్తాయి. యాంటీబాడీలు ఈ హార్మోనును మధ్యలోనే పట్టివేస్తే కింది వ్యవస్థ మొత్తం నిద్రావస్థలోకి వెళుతుంది. ఆడ, మగ జంతువులు రెండింటిపైనా ఈ టీకా పనిచేస్తుంది.

అండాశయం వరకు వెళ్లని మరొక మార్గమూ ఉంది. న్యూఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో డాక్టర్ జి.పి. తల్వార్ బృందం మహిళల కోసం రూపొందించిన హెచ్.సి.జి. టీకా గర్భధారణ తొలి దశలో వెలువడే హార్మోనును అడ్డుకుంటుంది. 1994లో వెలువడిన రెండవ దశ ఫలితాల ప్రకారం, యాంటీబాడీలు తగిన స్థాయిలో ఉన్న 1,224 రుతుచక్రాలలో ఒక్క గర్భమే నమోదైంది. వారిలో అండం విడుదల, రుతుక్రమం యథావిధిగా సాగాయి. యాంటీబాడీ దేనిని గురిపెడుతుందన్న దానిని బట్టి అండాశయంపై ప్రభావం మారుతుందనడానికి ఇది మంచి నిదర్శనం.

అండాశయంపై ప్రభావం : జాతికొక ఫలితం

జోనా టీకా అండం పైపొరను మాత్రమే తాకుతుందని, అండాశయం జోలికి పోదని తొలినాళ్లలో భావించారు. పరిశోధనలు ముందుకు సాగిన కొద్దీ విషయం అంత సరళం కాదని తేలింది. ఈ పొర పరిపక్వ అండానికే పరిమితం కాదు. అండాశయంలో ఎదుగుతున్న పుటికలలోనే ఇది ఏర్పడటం మొదలవుతుంది. కాబట్టి రోగనిరోధక వ్యవస్థ దాడి విడుదలైన అండంతో ఆగకుండా ఎదుగుతున్న పుటికల వరకు వెళ్లే అవకాశం ఉంది.

కుందేళ్లపై జరిపిన అధ్యయనం 1984లో వెలువడింది. జోనా ప్రోటీన్లు ఇచ్చిన కుందేళ్ల అండాశయాలలో పుటికల ఎదుగుదల అస్తవ్యస్తమైందని, హార్మోనుల ఉత్పత్తి కూడా దెబ్బతిన్నదని అందులో తేలింది.

కుక్కల విషయంలో 1980ల దశకంలో అమెరికా శాస్త్రవేత్తలు పంది జోనా టీకాతో చేసిన ప్రయోగాలలో గర్భధారణ ఆగింది. అయితే కొన్ని కుక్కలలో ఎదకాలం అసాధారణంగా పొడిగింది. అండాశయంలో నీటితిత్తులు కనిపించాయి. మన దేశంలో జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో డాక్టర్ సతీష్ కుమార్ గుప్తా బృందం పందికి బదులు కుక్క జోనా ప్రోటీన్లనే బాక్టీరియాలో తయారుచేసి, డిఫ్తీరియా ప్రోటీనుకు జతపరచి కుక్కలకు ఇచ్చింది. 2002లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో జోనా-3 ప్రోటీను పొందిన నాలుగు కుక్కలలో మూడు గర్భం దాల్చలేదు. అండాశయాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించగా పుటికల ఎదుగుదల కుంటుపడినట్లు, అండం పొర క్షీణించినట్లు కనిపించింది. అంటే గర్భం ఆగడానికి శుక్రకణాన్ని అడ్డుకోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, అండాశయంలో వచ్చిన మార్పు కూడా కారణమై ఉండవచ్చు.

పిల్లులలో ఫలితం దీనికి పూర్తిగా భిన్నం. పంది జోనా టీకా ఇచ్చినప్పుడు వాటి రక్తంలో యాంటీబాడీలు పుష్కలంగా పుట్టాయి. కాని అవి పిల్లి అండం పొరను సరిగా గుర్తించలేకపోయాయి. పిల్లులు యథాప్రకారం చూలు కట్టాయి. రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపించినంత మాత్రాన టీకా ఫలించినట్లు కాదని ఈ అనుభవం తెలియజేస్తోంది.

ఎలుకలు చెప్పిన రహస్యం

అండాశయం ఎందుకు దెబ్బతింటుందన్న ప్రశ్నకు ఎలుకలపై జరిగిన పరిశోధనలు కొంత సమాధానమిచ్చాయి. జోనా-3 ప్రోటీనులోని ఒక చిన్న ముక్కను ఇస్తే ఎలుకల అండాశయానికి స్వయం రోగనిరోధక వాపు వ్యాధి వస్తుందని 1992లో తేలింది. ఈ వ్యాధికి మూలం యాంటీబాడీలు కాదు, టి కణాలనే మరో రోగనిరోధక విభాగం. 1995లో శాస్త్రవేత్తలు టి కణాలను రెచ్చగొట్టే భాగాన్ని తప్పించి, యాంటీబాడీలను మాత్రమే పుట్టించే విధంగా టీకాను కూర్చారు. గర్భం ఆగింది, యాంటీబాడీలు తగ్గాక సంతానశక్తి తిరిగి వచ్చింది, అండాశయానికి హాని కనిపించలేదు.

దీనిని బట్టి ఒక ముఖ్య విషయం బోధపడుతుంది. యాంటీబాడీ గర్భాన్ని ఆపడం, అండాశయం వాపునకు గురికావడం ఒకే చర్య కావు. టీకాలో ఏ ముక్క వాడారు, ఏ సహాయక ద్రవ్యం కలిపారు, ఏ జాతికి ఇచ్చారు, ఎన్నిసార్లు ఇచ్చారు అన్న వాటిపై ఫలితం ఆధారపడి ఉంటుంది. ఒక జంతువులో నిరపాయమని తేలిన టీకా మరో జంతువులో కూడా నిరపాయమని భావించడానికి వీలులేదు.

గుర్రాలు, ఏనుగుల అనుభవం

జోనా టీకాకు దీర్ఘకాలిక అనుభవం ఉన్నది గుర్రాల విషయంలోనే. అమెరికా తూర్పు తీరంలోని అసటీగ్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే గుర్రాలపై 1988లో క్షేత్ర ప్రయోగం మొదలైంది. దూరం నుంచి బాణంలాంటి సూదితో టీకా ఇచ్చి, మూత్రం, పేడ నమూనాలలోని హార్మోను అవశేషాల ఆధారంగా చూలును, అండాశయం పనితీరును పరిశీలించారు. సంతానం తగ్గింది. గర్భధారణ, పాలివ్వడం వంటి భారం తప్పడంతో టీకా పొందిన ఆడగుర్రాలు గణనీయంగా ఎక్కువకాలం జీవించాయి. ఈ టీకాకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2012లో నమోదు ఇచ్చింది.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. కొన్నేళ్లు మాత్రమే టీకా పొందిన గుర్రాలలో సంతానశక్తి తిరిగి రాగా, ఏడేళ్లపాటు వరుసగా పొందిన వాటిలో అది చాలా ఆలస్యమైంది. దక్షిణాఫ్రికాలో 2010ల దశకంలో జరిగిన అధ్యయనాలలో టీకా పొందిన ఆడగుర్రాల అండాశయ పరిమాణం, పుటికల నిల్వను సూచించే హార్మోను స్థాయి తగ్గాయి. కొంతకాలం అండాశయం పని మానివేసి, ఎక్కువ వాటిలో తరువాత తిరిగి కోలుకుంది. అదే దేశంలో 1996 నుంచి ఆఫ్రికా ఏనుగులపై ఈ టీకాను ప్రయోగించగా, జనన నియంత్రణలో మంచి ఫలితం లభించింది.

అండాశయాన్ని నిద్రపుచ్చే టీకా

జి.ఎన్.ఆర్.హెచ్. టీకా అండాశయంపై నేరుగా దాడి చేయదు. పైనుంచి వచ్చే ఆజ్ఞలను ఆపుతుంది. పుటికలు పరిపక్వం కావు, ఎద రాదు, అండాశయం పరిమాణం తగ్గుతుంది. ఈ కోవకు చెందిన ఒక టీకాకు అమెరికాలో 2009లో జింకల కోసం, 2013లో గుర్రాల కోసం నమోదు లభించింది. మగ పందుల మాంసంలో దుర్వాసన నివారణకు ఇదే సూత్రంపై తయారైన టీకా అనేక దేశాలలో వాడుకలో ఉంది.

కుక్కలలో దీనిని పరీక్షించినప్పుడు రేబిస్ టీకాతో కలిపి ఇచ్చినా రేబిస్ రక్షణకు భంగం కలగలేదని 2009లో వెల్లడైంది. ఒకేసారి పట్టుకొని రెండు టీకాలు వేయగలిగితే క్షేత్రస్థాయి పని ఎంతో సులువవుతుంది. అయితే సూది వేసిన చోట గడ్డలు, వాపు రావడం కొన్ని ప్రయోగాలలో సమస్యగా నిలిచింది. యాంటీబాడీలు తగ్గితే అండాశయం మళ్లీ మేల్కొంటుంది కనుక ప్రభావం ఎంతకాలమన్నది కూడా జంతువును బట్టి మారుతుంది.

వీధికుక్కకు వర్తింపజేస్తే

అడవి గుర్రంలో వాంఛనీయమైన లక్షణం వీధికుక్కలో వాంఛనీయం కానక్కరలేదు. సంతానశక్తి తిరిగి రావడం అరుదైన వన్యప్రాణికి మేలు. వీధికుక్క విషయంలో అదే లోపమవుతుంది. బూస్టర్ మోతాదుకు అదే కుక్కను మళ్లీ గుర్తించి పట్టుకోవడం నగరంలో కష్టసాధ్యం.

ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. చూలు కాలం సుమారు 63 రోజులు. జోనా టీకా ఎదను ఆపదు. ఎదకు వచ్చిన కుక్క చుట్టూ మగకుక్కలు గుమిగూడటం, కొట్లాడుకోవడం, దారిన పోయేవారిపైకి రావడం కొనసాగుతాయి. అండాశయంలో నీటితిత్తులేర్పడి ఎదకాలం పొడిగితే ఈ బెడద తగ్గడానికి బదులు పెరుగుతుంది. అండాశయం, గర్భసంచి శరీరంలోనే ఉంటాయి కనుక గర్భసంచిలో చీము పట్టే వ్యాధికి ఆస్కారమూ మిగులుతుంది. వీధిలోని జంతువుకు ఈ వ్యాధి వస్తే గుర్తించి చికిత్స చేయించేవారుండరు. అండాశయ ఆరోగ్యం ప్రయోగశాలకు పరిమితమైన అంశం కాదని, ప్రజల భద్రతతోను, మూగజీవి బాధతోను ముడిపడినదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

తనిఖీ అంశం కూడా ముఖ్యమే. ప్రస్తుత విధానంలో తొలగించిన అవయవాలను భద్రపరచి, లెక్కించి, పర్యవేక్షణ సంఘం ధ్రువీకరిస్తుంది. ప్రజాధనానికి అదే జవాబుదారీ. ఇంజెక్షను పద్ధతిలో లెక్కించడానికి అవయవం ఉండదు. అటువంటి టీకా వాడుకలోకి వచ్చిన నాడు, టీకా పొందిన కుక్కలలో కొన్నింటిని ఎంచి యాంటీబాడీలను, హార్మోనులను, స్కానింగు ద్వారా అండాశయాలను పరీక్షించే ఏర్పాటు ముందుగానే ఉండాలి. జంతువును పట్టుకోకుండానే మలంలోని హార్మోను అవశేషాల ద్వారా సంతానోత్పత్తి స్థితిని తెలుసుకునే నైపుణ్యం హైదరాబాదు అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి. ఆధ్వర్యంలోని అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణ ప్రయోగశాలకు ఉంది.

కోతుల సమస్యకూ ఇదే వరుస వర్తిస్తుంది. తెలంగాణలో నిర్మల్ జిల్లా చించోలి వద్ద 2020 డిసెంబరులో ప్రారంభమైన కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం కూడా శస్త్రచికిత్స పద్ధతినే ఎంచుకుంది.

కొత్త దారులు

టీకా వేసి శరీరం స్పందించే వరకు వేచి ఉండే బదులు, యాంటీబాడీని తయారుచేసే జన్యు సూచననే నిరపాయమైన వైరస్ ద్వారా కండరంలోకి పంపే పద్ధతిని అమెరికాలోని కాల్టెక్ శాస్త్రవేత్తలు 2015లో ఎలుకలలో ప్రదర్శించారు. ఒక్క ఇంజెక్షనుతో ఎలుకలు దీర్ఘకాలం సంతానం లేకుండా ఉన్నాయి. ఎంచుకున్న యాంటీబాడీ మాత్రమే తయారవుతుంది కనుక టి కణాల దాడిని రేకెత్తించకుండా పనిచేయగలదన్నది ఈ పద్ధతిపై ఆశ.

దాదాపు ఇదే రవాణా పద్ధతితో, యాంటీబాడీకి బదులు పుటికల ఎదుగుదలను అదుపు చేసే హార్మోను జన్యువును ఆరు ఆడపిల్లులకు ఇవ్వగా అవి రెండేళ్ల పరిశీలనలో చూలు కట్టలేదని 2023లో ప్రచురితమైంది. ఇవి ఆశాజనకమైన ఫలితాలే. అయితే ప్రయోగశాలలో ఆరు పిల్లులకు, నగర వీధులలోని వేలాది కుక్కలకు మధ్య దూరం చాలా ఉంది.

అడగవలసిన ప్రశ్నలు

గర్భనిరోధక ఇంజెక్షనుపై ప్రతిపాదన గాని, వార్త గాని వచ్చినప్పుడు ఈ క్రింది అంశాలను పరిశీలించడం సముచితం.

- ఏ జంతువుపై పరీక్షించారు? ఎన్ని జంతువులపై, ఎంతకాలం పరిశీలించారు?
- యాంటీబాడీల స్థాయిని మాత్రమే చూశారా? నిజంగా చూలు ఆగిందా అన్నది కూడా చూశారా?
- అండాశయాలను పరీక్షించారా? వాపు, నీటితిత్తులు, పుటికల క్షీణత కనిపించాయా?
- ఎద ఆగిందా? కొనసాగిందా?
- సూది వేసిన చోట దుష్ప్రభావాలు ఏమిటి? బూస్టర్ అవసరమా?
- మన దేశంలో సంబంధిత అనుమతులు ఉన్నాయా?

ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానాలు లభించేవరకు వీధికుక్కల సంతాన నియంత్రణకు శస్త్రచికిత్స, దానితోపాటు రేబిస్ టీకా ఆధారపడదగిన మార్గాలు. రేబిస్ వ్యాప్తిని అరికట్టాలంటే కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వ్యాధి లక్షణాలు కనిపించాక రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

ఆహార వ్యర్థాలను రోడ్లపై పారవేయకుండా హోటళ్లు, తినుబండారాల బండ్ల వారు జాగ్రత్త వహించాలి. చెవి కొస కత్తిరించి లేని కుక్కలు, ముఖ్యంగా ఆడకుక్కలు కనిపిస్తే నగరపాలక సంస్థ దృష్టికి తేవాలి. శస్త్రచికిత్స పూర్తయిన కుక్కలను గుర్తించి, సిబ్బందికి సహకరించాలి. కొత్త విధానం ఏదైనా గర్భం ఆపినందుకే కాక, ఆ మూగజీవి అండాశయానికి, శరీరానికి హాని చేయనందుకు కూడా రుజువు చూపిన తరువాతనే వీధిలోకి రావాలి. అప్పటివరకు ఉన్న విధానాన్ని పకడ్బందీగా అమలు చేయడమే ద్వారకా నగర్‌లో బస్సు దిగే ప్రయాణికునికి, ఆ వీధిలోనే బతికే కుక్కకు కూడా మేలు.